మూడో రాయి

లచ్చిరాం ఒడ్డున నిలబడి రాళ్ల వైపు చూశాడు. ఎర్రవాగును రోడ్డు దాటే చప్టా పక్కన సున్నం కొట్టిన రాళ్లు మూడున్నాయి, ఒకదానికంటే ఒకటి ఎత్తుగా. మొదటిది మునిగినా బస్సు పోవచ్చు. రెండోది మునిగితే లచ్చిరాం కర్రతో చప్టా అంచు తడుముతూ ముందు నడవాలి, బండి వెనకాల రావాలి. మూడోది మునిగితే ఎర్రజెండా పాతెయ్యడమే, ఇక కలెక్టరొచ్చినా ఆగాల్సిందే. నీళ్లు తగ్గాక లచ్చిరాం కాళ్లతో చూసి ఆ జెండా పీకేదాకా పినపాక రోడ్డులో చక్రం కదలదు. పదహారేళ్లుగా అదే రివాజు.

మూడు రోజుల నుంచి ముసురు. గాలికి టేకు కొమ్మలు విరిగి రోడ్డుకు అడ్డం పడుతుంటే, నెత్తిన యూరియా సంచి కప్పుకుని పొద్దున్నే అన్నీ ఈడ్చి పారేశాడు. కాలివేళ్ల సందులు నాని తెల్లగా పాసిపోయాయి. ఎడమ మోకాలు మాట వినక రెండేళ్లయింది.

ఇంత చేసినా లచ్చిరాం సర్కారు మనిషి కాడు, రోడ్ల శాఖలో రోజుకూలీ. పర్మనెంటు ఫైలు హైదరాబాదు పోయిందని, సంతకం ఒక్కటే తక్కువని వర్క్ ఇన్‌స్పెక్టరు ఎండాకాలంలో చెప్పాడు. ఆనాటి నుంచి భార్య బాలి తండాలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ మాటే చెబుతోంది. ఆమెకు ఆయాసం. పర్మనెంటు అయితే వరంగల్ పెద్ద దవాఖానాలో చూపించాలని లచ్చిరాం ఆశ. పిచ్చి ఆశే. అది కూడా లేకపోతే ఆ నీళ్లలో ఎవడు నిలబడతాడు?

చప్టాకు ఈవల షుకూర్ టీ హోటలు. మొన్నటి జెండా పండుగకు పందిరికి కట్టిన కాగితం జెండాలు తడిసి రంగు కారుతున్నాయి. రేడియో గరగరల మధ్య వార్తలు వస్తున్నాయి. హైదరాబాదులో సర్కారును తీసేశారట, కొత్తది గద్దెనెక్కిందట. ఎమ్మెల్యేలను ఎవరి మందను వాళ్లు తోలుకుపోతున్నారని, మేకలకు కూడా అంత కాపలా ఉండదని షుకూర్ నవ్వాడు. లచ్చిరాం నవ్వలేదు.

“మరి నా ఫైలు ఏమైతది, షుకూర్ భాయ్?”

షుకూర్ తుడిచిన గ్లాసే మళ్లీ తుడిచాడు.

“సంతకం పెట్టేటోడే పాయె. మళ్ల మొదటికెల్లి రాసుకోవాలె.”

నోటికాడి కూడు జారిపోయినట్టయింది లచ్చిరాంకు. సగం టీ వదిలేసి వాగు దగ్గరికి పోయాడు. మూడో రాయి మునిగింది. జెండా పాతాడు.

మధ్యాహ్నం ఒక జీపు వచ్చి ఆగింది. అందులో ఖద్దరు బట్టల పెద్దమనిషి. ఈ చుట్టుపక్కల ఓట్లు ఆయన మాట మీద పడతాయి. చీకటి పడకముందే ఖమ్మం చేరి, అక్కడినుంచి హైదరాబాదు పోయి కొత్త సర్కారు పక్కన నిలబడాలి. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు, లచ్చిరాం జెండా చూపించాడు. పెద్దమనిషి అరిచి ఉంటే లచ్చిరాం బిగుసుకుపోయేవాడు. ఆయన అరవలేదు. దిగి వచ్చి, గొడుగు సగం లచ్చిరాం నెత్తి మీదికి జరిపి, పేరడిగాడు, ఎన్నేళ్ల సర్వీసని అడిగాడు.

“పదారేండ్లు సార్. ఇంక పర్మనెంటు కాలె.”

“ఇగ మన సర్కారే గదా, లచ్చిరాం. నన్ను దాటియ్యి. నీ కాగితం నా చేతిలనే పట్టుకపోత.”

పదహారేళ్లలో అతని మీద ఎవరూ గొడుగు పట్టలేదు. లచ్చిరాం మూడో రాయి ఉండాల్సిన చోటు చూశాడు. అక్కడ నీళ్లు సుడి తిరుగుతున్నాయి. హోటల్లోంచి షుకూర్ వద్దని చెయ్యి ఊపాడు. లచ్చిరాం మొలలో దాచుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని దరఖాస్తు నకలు పెద్దమనిషి చేతికిచ్చాడు. జెండా మాత్రం పీకలేదు. తమ వెనకాల ఇంకో బండి రాకూడదు.

మోకాళ్లు దాటిన నీళ్లలో కర్రతో అంచు తడుముతూ, తన అడుగు నిలిచాకే చెయ్యి ఊపుతూ, జీపును నడిపించాడు. నడిమధ్యన ఒకసారి తూలి నిలదొక్కుకున్నాడు. జీపు ఆవలి ఒడ్డెక్కి, ఒక్క హారన్ కొట్టి మలుపు తిరిగింది.

ఆవలే ఆగిపొమ్మని షుకూర్ కేకేశాడు. హోరులో వినపడిందో లేదో. జెండా ఈవల ఉంది, తండా ఈవల ఉంది, సాయంత్రం బస్సు వచ్చేదీ ఈవలికే. లచ్చిరాం మళ్లీ నీళ్లలో దిగాడు.

ఈసారి మోకాలు నిలబడలేదు. అతను అరవను కూడా లేదు. తలపాగా ఒకసారి సుడిలో తిరిగి దిగువ చెట్ల మధ్యకు పోయింది. షుకూర్ నీళ్లలోకి ఉరికి, ముందుకు పోలేక, అక్కడే నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

బస్సు దిగినవాళ్లు తాళ్లు పట్టుకుని దిగువకు పోయి వట్టి చేతులతో వచ్చారు. కబురు విని బాలి ఎగరొప్పుతూ వచ్చింది. జెండా పక్కన కూలబడింది. రేడియో ఇంకా హైదరాబాదు సంగతులే చెబుతుంటే షుకూర్ పోయి దాని నోరు నొక్కేశాడు.

మర్నాడు వాన వెలిసింది. పొద్దునకు మూడో రాయి బయటపడింది, తర్వాత రెండోది, మధ్యాహ్నానికి మొదటిది కూడా. చప్టా మీద సిమెంటు కనపడుతోంది. అయినా ఈవల బస్సు, దాని వెనక రెండు బొగ్గు లారీలు, ఒక కట్టెల బండి వరసగా ఆగే ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. వాటి ముందు ఎర్రజెండా, లచ్చిరాం పాతినచోటే, పాతినట్టే ఉంది.