జానెడు ఎత్తు కారు

మా తమ్ముడి కొడుకు నాగేశ్‌కు పాత జర్మనీ కారు కొనాలని బుద్ధి పుట్టింది. పత్తి విత్తనం కంపెనీలకూ రైతులకూ నడుమ ఆర్గనైజరుగా తిరిగి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. కాపురం అయిజకు మార్చాడు. అక్కడి తోటి ఆర్గనైజర్లందరికీ జీపులున్నాయి. వీడికి జీపు ఆనలేదు. నాలుగు తలుపులుండాలి, పెళ్లాం పిల్లలు పట్టాలి, కానీ పందెం గుర్రంలా ఉరకాలి. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాతదైనా సరే అదే కావాలి. వనపర్తిలో ఒకటి చూశాడు. నచ్చలేదు. నాగర్‌కర్నూల్‌లో ఒకటుందని పోతే, అప్పటికే అమ్ముడుపోయింది. మూడోది గద్వాలలో ఉందని ఒక ఆదివారం మోటార్ సైకిల్ మీద మా ఊరికి వచ్చాడు.

"పెద్దనాయన, నువ్వు రావాలె. ఎద్దుల బేరంల నీ నోటికి ఎదురులేదు. నా మొఖం జూస్తె ఆశ కనవడ్తదంట, ఎవ్వడు ధర దించుతలేడు."

"నా మొఖం జూస్తె?"

"నీ మొఖం జూస్తె పాలు ఇరుగుతయ్. గదే కావాలె నాకు."

రానని చెప్పబోయి, కారు ఎవరిదని అడిగాను.

"కాంట్రాక్టర్ దేవదాసుది."

లేచి చెప్పులు తొడుక్కున్నాను.

గద్వాల నుంచి గట్టుకు పోయే రోడ్డు మీద నుంచి మా ఊరికి తిరిగే మలుపు దగ్గర ఒక రాయి పాతి ఉంది. ఊరి వరకు తారు రోడ్డు వేసినట్టు, పని పూర్తయినట్టు దాని మీద చెక్కారు. కింద దేవదాసు పేరు. తారు మాత్రం తుమ్మచెట్ల వంపు వరకే ఉంది. పెద్ద రోడ్డు మీద జీపు ఆపుకుని చూసే అధికారికి అంతవరకే కనిపిస్తుంది. వంపు దాటితే కంకర కుప్పలు. దారి మధ్యలో వరుసగా పోసి, ఫొటోలు తీసుకుని పోయారు. పరిచేవాడు రాలేదు. కుప్పల మీద గడ్డి మొలిచింది. బండ్లూ ట్రాక్టర్లూ పక్క చేలలోకి దిగి తమ దారి తాము చేసుకున్నాయి.

నాలుగేళ్ల కింద, వానాకాలంలో, పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దుతూ క్రాసింగ్ చేస్తుండగా నా భార్య హన్మమ్మను పాము కరిచింది. జీపులో ఎక్కించాం. కుప్పలను తప్పించబోయి జీపు చేలోకి దిగి ఇరుసు దాకా కూరుకుపోయింది. ఎంత తోసినా లేవలేదు. అక్కడి నుంచి మంచం మీద మోసుకుపోయాం. మంచం ముందు కోడు పట్టింది నాగేశే. పెద్ద రోడ్డు చేరేసరికి ఆమె పలకడం మానేసింది.

తర్వాత గద్వాలలో దేవదాసు ఇంటికి ఎన్నోసార్లు పోయాను. పోయి ఏం అడగాలో నాకే తెలియదు. వాడి ముఖం చూడాలనిపించేది. గేటు దగ్గరి మనిషి నన్ను లోపలికి పోనివ్వలేదు. సారు ఊర్లో లేడనేవాడు. లోపలి నుంచి సారు నవ్వు వినిపిస్తూనే ఉండేది.

ఆ ఆదివారం అదే మనిషి గేటు రెండు రెక్కలూ తెరిచి పక్కకు జరిగాడు. కారు కొనేవాళ్లం కదా.

కారు కొంటే ఏమి, కొనకపోతే ఏమి. దేవదాసు ఒక్కసారి వాడు వేసిన దారిలో ప్రయాణం చేయాలి. ఆ దారిలో ఏం జరిగిందో అక్కడే నిలబడి వినాలి. దానికోసమే పోయాను.

కారు రేకుల షెడ్డు కింద ఉంది. వెండి రంగు. నేలను కరుచుకుని పడుకున్నట్టుంది. దేవదాసు బయటికొచ్చాడు. లావాటి మనిషి, తెల్ల బట్టలు, చేతికి బంగారు కడియం. నవ్వుతూ కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. మంచివాడిలాగే మాట్లాడుతున్నాడు. దాంతో నాకు ఇంకా మండింది.

"హైద్రాబాద్ల ఒక పెద్దమనిషి నడిపిండు, అటెన్క నేను," అన్నాడు. "కొత్తది బుక్ చేసిన గాబట్టి ఇస్తున్న. లేకుంటె ఇద్దునా? తొక్కితె ఇమానం లెక్క లేస్తది తమ్మి."

నాగేశ్ కారు చుట్టూ తిరిగాడు. తలుపు తీసి మూశాడు. మళ్లీ తీశాడు. తోలు సీటు మీద అరచేయి ఆనించి అట్లాగే ఉంచాడు. వాడి ముఖంలో ఆశ కనపడుతుందన్నది నిజమే, పెళ్లిచూపుల్లో పిల్లగాడిలా నిలబడ్డాడు.

నేను వంగి కారు కింద చేయి పెట్టి కొలిచాను. నేలకూ ఇనుముకూ నడుమ జానెడు లేదు.

"ఇంత కిందికుంది. ఇది తిరగదు," అన్నాను.

"రేస్ కారు పెద్దాయన, గట్లనే ఉంటది. నేలను పట్టుకొని ఉరుకుతది."

"వీడు విత్తనం రైతుల ఊర్లు తిరగాలె సేటు. అయిజ రోడ్లు సరే. గట్టు దిక్కు పోవాలంటె?" అని మా ఊరి పేరు చెప్పాను. మా ఊరని చెప్పలేదు.

నాగేశ్ నా వైపు తిరిగాడు. నేను బేరం మొదలుపెట్టాననుకుని నోరు మూసుకున్నాడు.

దేవదాసు ముఖంలో ఏమీ కదల్లేదు. కాసేపు మీసం గోక్కుని జ్ఞాపకం తెచ్చుకున్నాడు. "అరె! గా రోడ్డు నేనే ఏసిన పెద్దాయన. తారు రోడ్డు."

"ఊరి దాంక?"

"ఊరి దాంక. వాళ్ల ఊరి నడుమ బొడ్రాయి దాంక పో. చాయ్ గిలాస పెడితె తొణకదు."

పక్కన చాయ్ తాగుతున్న ఇద్దరు పెద్దమనుషులు తలలూపారు.

"ఏమో సేటు. ముసలోన్ని, నమ్మకం లేదు. కారు వద్దు తియ్. పా నాగేశ్."

"ఏంది వద్దు?" దేవదాసు లేచాడు. పెద్దమనుషులు వాడినే చూస్తున్నారు. "నా రోడ్డు మీద నా కారు పోదంటవా? ఎక్కు. ఇప్పుడే పోదాం, ఎక్కు."

"నువ్వే నడపాలె మరి."

"నేనే నడుపుత."

నాగేశ్ ముందు కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. సీటు ఎంత కిందికుందంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కార్లో అత్తరు వాసన. ఊరు దాటగానే దేవదాసు తొక్కాడు. లారీలు, బస్సులు వెనక్కి పోయాయి. నాగేశ్ నవ్వుతూనే ఉన్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి, "ఎట్లుంది పెద్దనాయన?" అన్నాడు. నేను దారి చూస్తున్నాను.

గట్టు రోడ్డు మీద మా మలుపు వచ్చింది. రాయి పక్క నుంచే తిప్పాడు. దాన్ని చూడలేదు.

"జూస్తున్నవా పెద్దాయన? జూడు, ఎట్లుందో రోడ్డు!" అని ఇంకా గట్టిగా తొక్కాడు.

నాగేశ్‌కు అప్పుడు అర్థమైంది. "అన్నా, జర నిమ్మళంగ..." అన్నాడు.

తుమ్మచెట్ల వంపు తిరిగాం. తారు అయిపోయింది.

దేవదాసు బ్రేకు తొక్కాడు. కారు తారు అంచు మీది నుంచి కిందికి పడి, జారి, మొదటి కుప్ప మీదికెక్కింది. కింద రేకు చీరినట్టు పెద్ద చప్పుడైంది. నా తల ముందు సీటుకు కొట్టుకుంది. చూస్తే ముందు చక్రాలు గాలిలో ఉన్నాయి. కంకర సందుల్లోంచి నల్లగా నూనె కారి గడ్డిలోకి దిగుతోంది.

ఎవరికీ ఏమీ కాలేదు.

పక్క చేలో క్రాసింగ్ చేస్తున్న ఆడవాళ్లు చప్పుడు విని పరుగెత్తుకొచ్చారు. మనుషులు బాగానే ఉన్నారని చూసుకున్నాక భీమమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. భీమమ్మది మా పక్కిల్లు.

"ఏందే గిది, కారు పొదుగుడుకు కూసుంది!"

"ఎన్ని గుడ్లు పెట్టిందో అడుగక్క!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

దేవదాసు దిగి కారు ముందుకు పోయాడు. తెల్ల బట్టలకు నూనె అంటింది. "ఎవడ్రా వాడు దొంగనాకొడుకు! రోడ్డు మీద కుప్పలు పోసింది ఎవడు?" అని అరిచాడు.

"ఎవడో దేవదాసు అంట సేటు," అంది భీమమ్మ. "మలుపు కాడ రాయి మీద రాసి ఉంది. మేమంటె సదువు రానోళ్లం. నువ్వు సదువుకున్నోనివి గదా, సదువుకొని రాకపోతివి."

నవ్వులు ఆగిపోయాయి. దేవదాసు కుప్పల వరుస చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు ఈ ఊరోనివే," అన్నాడు.

"ఈ ఊరోన్నే. పేరు గోవిందు. నీ గేటు కాడికి శానసార్లు వచ్చిన. నా భార్యను పాము కరిస్తె జీపుల ఏసుకొని ఈడిదాంక వచ్చినం. గీ కుప్పల్ని తప్పియ్యబోతె జీపు అగో, గా చేన్ల దిగవడ్డది. ఈడికెళ్లి మంచం మీద మోసినం. దవాఖాన మొఖం జూడకుంటనే పోయింది."

"ఎప్పుడు?"

"నాలుగేండ్లాయె."

"అయ్యో," అన్నాడు దేవదాసు. బాగానే అన్నాడు. ఎవరి చావుకైనా అట్లాగే అంటాడు కాబోలు. "నేను పని వేరేటోనికి అప్పజెప్పిన పెద్దాయన. వాడు గిట్ల జేసిండు. నాకు తెల్వదు."

"పేరు నీదుంది."

"పేరు నాదే ఉంటది గదా. రూలు గట్ల."

ఆ మాట అని మోకాళ్ల మీద కూర్చుని కారు కిందికి తొంగి చూశాడు. నేను చెప్పాను, వాడు విన్నాడు, అంతటితో అయిపోయింది వాడికి. నాలుగేళ్లు నేను కడుపులో పెట్టుకుని తిరిగింది వాడికి ఒక అయ్యో.

చొక్కా పట్టుకుని లేపాను. కొట్టడానికే లేపాను. నాగేశ్ మధ్యలోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

"సాలు పెద్దనాయన, సాలు. ఇగ నన్ను మాట్లాడనియ్యి."

"ఏం మాట్లాడ్తవ్ రా?"

వాడు గొంతు తగ్గించాడు. కళ్లు మెరుస్తున్నాయి. "గిట్ల పగిలిన కారును వాడు గద్వాలకు గూడ తోలుకపోలేడు. మీదికెళ్లి ఊరోళ్ల ముంగట ఇజ్జత్ పోయింది. సగానికి ఇస్తడు. అయిజల నా దోస్తు మెకానిక్ ఉన్నడు, వారంల జేస్తడు. ఏం ఉపాయం పన్నినవ్ పెద్దనాయన!"

"ముందు కోడు పట్టినవ్ రా నువ్వు."

"పట్టిన. ఎవడు కాదన్నడు? నాకు లేదా కోపం?" వాడు నా చేతులు వదిలేశాడు. "పెద్దమ్మ ఇగ రాదు. కారు వస్తది."

చెంప మీద ఒక్కటి వేశాను. ఆడవాళ్లందరూ చూశారు. వాడు చెంప తడుముకుని, నా వైపు చూడకుండా దేవదాసు దగ్గరికి పోయాడు. ఇద్దరూ కంకర కుప్ప మీద కూర్చుని బేరం మాట్లాడుకున్నారు. ఎక్కువసేపు పట్టలేదు. చేతులు కలుపుకున్నారు. నాగేశ్ ఊర్లోకి పోయి ట్రాక్టరు, గొలుసు తెచ్చాడు.

పోయే ముందు దేవదాసు అందరికీ వినపడేట్టు అన్నాడు. "తమ్మి, నీ కారు మీ ఊరికి తిరగాలె గదా. రేపు జేసీబీ తోలిస్త. గీ కుప్పలన్నీ పర్పిస్త, రోలర్ గూడ తిప్పిస్త."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భీమమ్మ, "సల్లగుండు సేటు," అంది.

నేను వాడి ఎదురుగా పోయి నిలబడ్డాను. "మనిషి సచ్చిపోతుంటె కుప్పలు పరువలే. కారు కోసం పరుస్తవా?"

"దేనికో ఒకదానికి పరుస్తున్న గదా పెద్దాయన," అన్నాడు దేవదాసు. వాడి గొంతులో వెటకారం లేదు. "సంతోషపడు."

మర్నాడు జేసీబీ నిజంగానే వచ్చింది. నేను ముందే పోయి మొదటి కుప్ప మీద కూర్చున్నాను. నడిపేవాడు హారన్ కొట్టాడు, తిట్టాడు, చివరికి దిగి బీడీ ముట్టించాడు. ఎండెక్కింది. ఊరు ఊరంతా వచ్చి నిలబడింది గానీ నన్ను ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. భీమమ్మే వచ్చి పక్కన కూర్చుంది.

"లే బావ."

"లేవ."

"నా కోడలికి నెలలు నిండినయ్. ఏ రాత్రి నొప్పులొస్తయో తెల్వదు. మల్ల మంచమే మొయ్యాల్నా? నువ్వు పడ్తవా ముందు కోడు?"

ఆమె పక్కనే కూర్చుని ఉంది.

లేచాను. ఆమె అడిగింది కాబట్టి లేచాను. దేవదాసును క్షమించి లేచాననుకుంటే అది వాళ్ల ఇష్టం. సాయంత్రానికి కుప్పలు లేవు. దారి చదునుగా, తెల్లగా ఊర్లోకి వచ్చింది. అంత సులువు పని అది. జేసీబీ నడిపినవాడికి ఊరివాళ్లు కోడిని కోసి పెట్టారు.

భీమమ్మ కోడలు ఆటోలో పోయి, కొడుకును ఎత్తుకుని ఆటోలోనే తిరిగొచ్చింది. నేను పోయి చూసి వచ్చాను.

నాగేశ్ పండక్కో, విత్తనం లెక్కలకో కారేసుకుని వస్తాడు. ఊర్లో అందరూ అది ఎక్కారు. తన పిల్లలతో మా ఇంటి ముందు ఆపి హారన్ కొడతాడు. తలుపు తీసి పిల్లలను లోపలికి తీసుకుపోయి అన్నం పెడతాను. వాడిని పిలవను. వాళ్లు తిని చేయి కడుక్కునేదాకా వాడు కార్లోనే, అద్దాలు ఎక్కించుకుని కూర్చుంటాడు.