అన్నం తిని పో

అన్సార్ కర్నూలులో పెళ్ళి వీడియోలు తీసి తీసి విసిగిపోయి, ఇక నిజమే తీస్తానని బయల్దేరినవాడు. పత్తికొండ మార్కెట్టులో ధర లేక టమోటాలు రోడ్డు మీద పారబోసి, చేనుకాడికి పోయి పురుగుల మందు తాగిన గోపన్న కథను సినిమాగా తీయాలనుకున్నాడు. గోపన్న పెళ్ళాం వేషానికి ఎవరూ నచ్చలేదు. చివరికి ఆ పెళ్ళాం హులిగెమ్మనే ఒప్పించాడు.

అందుకు నెలల తరబడి ఆమె ఇంటికి తిరిగాడు. అక్కా అన్నాడు, ఆమె చేసిన జొన్నరొట్టెలు తిన్నాడు. ఒకరోజు ఆమె కడుపులో దాచుకున్నది బయటపెట్టింది. గోపన్న ఆ పొద్దు ఉత్త చేతులతో ఇంటికొస్తే, ఆమె కోపం పట్టలేక, "నీ మొగం నాకు సూపించాకు, యాడన్నా పోయి సావు," అంది. అతను అట్నే వెనుదిరిగి చేనుదారి పట్టాడు.

"నా కూతురికి కూడా తెలీదు. నీకొక్కనికే చెప్తాండా అప్పా."

అన్సార్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. కానీ ఇంటికి పోగానే ఆ మాటను స్క్రిప్టులో రాసుకున్నాడు. అది తెలిసి ఆమె వద్దంటే, "సినిమాలో వస్తే నేను రాసిందే అనుకుంటారక్కా, ఎవరికీ చెప్పను," అని మాటిచ్చాడు.

షూటింగు ఆ ఇంట్లోనే. నాటకాల్లో వేషాలేసే ప్రకాశం గోపన్న చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. హులిగెమ్మ ఆ చొక్కాను తేరిపార చూసి, "అన్నం తిని పో," అంది.

"అది కాదక్కా. ఆ పొద్దు ఏమన్నావో అదే అను."

"అన్నం తిని పో." ఈసారి కంచం కూడా తెచ్చి పెట్టింది. అన్సార్‌కు చిరాకేసింది.

"అబద్ధం ఆడితే సినిమా ఎట్లయితాదక్కా?"

చివరికి ఆమె ఆ మాట అంది. ప్రకాశం తల వంచుకుని బయటికి నడిచాడు. అన్సార్ సంబరంగా ఓకే చెప్పాడు. ఆమె మాత్రం గుమ్మం వదల్లేదు.

"ఇంగోసారి తీయప్పా. ఈసారి పోనీను."

"వెలుగు పోయిందక్కా," అన్నాడు. అన్నం మాట ఉన్న ముక్కలు పనికిరావని ఆ సాయంత్రమే చెరిపేశాడు.

సినిమా కర్నూలులో ఒక కాలేజీ హాల్లో వేశారు. ముందు వరుసలో హులిగెమ్మ, పక్కన ఆ ఊళ్ళోనే డిగ్రీ చదివే కూతురు హరిత. ఆ మాట రాగానే హరిత ఉలిక్కిపడి తల్లివైపు తిరిగింది. "డైరెక్టరు రాసిండాడులే," అని గొణిగింది హులిగెమ్మ.

ఆట అయ్యాక అన్సార్ చేతికి మైకు ఇచ్చారు. చప్పట్లు మనిషి చేత ఏమైనా అనిపిస్తాయి. "ఇందులో ఒక్క మాట కూడా నేను రాయలేదు. అన్నీ ఆ ఇంట్లో ఆడిన మాటలే," అన్నాడు. ఇచ్చిన మాట అతనికి గుర్తే రాలేదు.

మెట్ల దగ్గర హరిత అతన్ని ఆపింది.

"మామా, ఆ మాట నువ్వు రాసిండావా, మాయమ్మ అనిందా?"

ఆ పిల్ల వెనక హులిగెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నిజం నిజమని అందరినీ చంపుకుతిన్న అన్సార్‌కు అప్పుడు ఒక్క అబద్ధం కావలసి వచ్చింది.

"నేనే రాసినా పాపా."

"మైకులో రాయలేదంటివి కదా?"

"అది... జనం మెచ్చుకుంటారని చెప్పినా."

అంత చెడ్డ నటనను డైరెక్టరుగా అతనే ఓకే చేసేవాడు కాదు. హరిత కూడా చేయలేదు. తల్లి మొహం చూడకుండానే గేటువైపు నడిచింది.

"పాపా, క్యారియరు తెచ్చినా," అంది హులిగెమ్మ. "అన్నం తిని పో."

హరిత ఆగలేదు.

అన్సార్ సిగ్గుతో చచ్చిపోయాడు. అబద్ధమని తను చెరిపేసింది ఆ గొంతునే. ఆ ముక్కలు ఉంటే పరిగెత్తుకెళ్ళి ఆ పిల్లకు చూపించేవాడు. మీ నాయన పోయినప్పటినుంచీ మీ అమ్మ అంటున్న మాట ఇదేనమ్మా అని చెప్పేవాడు.