మిగిలిన అరగంట

ఆ ఉదయం గొడవంతా చక్కెర సీసా గురించే.

చక్కెర సీసాలో చక్కెర లేదు. పెరట్లోంచి తెచ్చిన గుప్పెడు మట్టి, దాని మీద మెడ దాకా నీళ్లు ఉన్నాయి. సీసా వంటింటి కిటికీ గట్టు ఎక్కి కూర్చుంది. చక్కెరేమో ఉప్పు డబ్బాకి తోబుట్టువులాంటి ఇంకో స్టీలు డబ్బాలోకి వెళ్లింది. ఆ సంగతి తెలియని మొగుడు తన టీ తనే కలుపుకుని, ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగాలో ఉమ్మాలో తేల్చుకోలేక బుగ్గలు పూరించుకుని నిలబడ్డాడు.

"మింగెయ్ రా" అంది అతని తల్లి, మంచం మీంచి లేవకుండానే. "నీ పెళ్లాం పరీక్షకి చదువుతోందిగా. నీకూ ఒకటి పెట్టింది."

కోడలు జడ అల్లుకుంటూనే జవాబు చెప్పింది. ఇంట్లో అంత నిటారుగా ఉన్న సీసా అదొక్కటేననీ, మట్టి ఎంతసేపటికి ఎంత దిగుతుందో గీతలు పెట్టుకుని చూసుకుంటున్నాననీ, చక్కెర మార్చిన సంగతి రాత్రి అన్నాల దగ్గరే చెప్పాననీ, వినకపోతే తన తప్పు కాదనీ అంది. రాత్రి చెప్పిన మాట పొద్దున్నకి ఎవరికి గుర్తుంటుందని అతను అన్నాడు. కుట్టు మిషను ముందు కూర్చుంటే పదిమంది కొలతలు కాగితం లేకుండా గుర్తుపెట్టుకునే మనిషికి ఒక్క డబ్బా గుర్తుండదా అని ఆమె అంది. అక్కడిదాకా మామూలే. ఆ తరువాత అతను సీసా వంక చూసి, "అక్కడి బురద చాలక ఇంట్లో కూడానా?" అన్నాడు.

ఆమె జడ చివర రబ్బరు బ్యాండు రెండు చుట్లు చాలినా నాలుగు చుట్లు చుట్టింది.

కాలేజీకి తయారవుతున్న కూతురు గుమ్మంలోంచి, "నాన్నా, ఇవాళ్టితో అమ్మ గంటలు పూర్తవుతాయి. ఒక్క పూట ఉప్పు టీ తాగితే ఏం అరిగిపోవులే" అంది. అతను తాగాడు కూడా. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు. అంతకంటే పెద్ద క్షమాపణ ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

గంటలంటే ఊరికే గంటలు కావు. ఆమె మురుగునీటి శుద్ధి కేంద్రంలో సహాయకురాలు. ఆపరేటరు కావాలంటే సర్టిఫికెట్టు పరీక్ష రాయాలి. పరీక్షకి కూర్చోవాలంటే పదో తరగతి పాసై ఉండాలి, తపాలా పాఠాలు ఆరు నెలలు చదివి ఉండాలి. అన్నిటినీ మించి, సర్టిఫికెట్టున్న ఆపరేటరు కళ్ల ముందు పద్దెనిమిది వందల గంటలు పని చేసినట్టు నీలం అట్ట పుస్తకంలో ఏ రోజుకారోజు సంతకం ఉండాలి. ఆమె పుస్తకంలో పదిహేడు వందల తొంభై రెండు ఉన్నాయి. ఫారం చేరడానికి రేపు సాయంత్రం ఐదు వరకే గడువు. అది దాటితే మళ్లీ ఏడాదికే. ఈలోగా, వచ్చే నెల నుంచి కేంద్రం కొత్త కాంట్రాక్టరు చేతికి వెళ్తుంది. సర్టిఫికెట్టు కోసం పరీక్షకి కట్టినవాళ్లే యంత్రాల దగ్గర ఉంటారు, మిగతావాళ్లు ఆవరణ ఊడుస్తారు అని నోటీసు బోర్డులో అంటించారు. ఆమె ఆ ఆవరణని సహాయకురాలు కాకముందు ఎనిమిదేళ్లు ఊడ్చింది. ఏ మూల ఎన్ని ఆకులు రాలతాయో చెప్పగలదు.

బస్సులో ఆమె పక్క సీటు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. రెండు రకాల సబ్బులతో రుద్దుకున్నా అంతే. వాసన తన ఒంట్లో లేదనీ, తాను దిగే స్టాపు పేరులో ఉందనీ ఆమెకి ఎప్పుడో అర్థమైంది. సంచీ ఆ సీటు మీద పెట్టుకుని, నీలం పుస్తకం ఒకసారి తడిమి చూసుకుంది.

ఆ పుస్తకం నిండా ఉన్న సంతకం ఒక్కరిదే. అందరూ ఆయన్ని అరగంట మేస్త్రి అంటారు. ఎండిన కొమ్మలాంటి మనిషి. చొక్కా జేబులో రెండు కలాలు, ఎడమ మణికట్టు మీద కీ ఇచ్చే పాతకాలం వాచీ. రోజూ షిఫ్టు ముగిసే ముందు, గాలి తొట్టిలో కాఫీ రంగులో తెర్లుతున్న నీటిని ఒక లీటరు కొలజాడీలో పట్టి అరగంట కదలకుండా ఉంచాలి. బురద ఏ గీత దాకా దిగిందో రాయాలి. ఆ గీతని బట్టే మర్నాడు తొట్టికి గాలి ఎంత ఇవ్వాలో, బురద ఎంత తియ్యాలో తెలుస్తుంది. మిగతా షిఫ్టుల వాళ్లు జాడీ పెట్టి టీకి పోతారు. ఈయన పోడు. తొట్టికి గాలి ఊదే బ్లోయర్ల అదురు తగలని చోటు వెతికి అక్కడొక రాతి పలక వేయించాడు. ఎండ పడితే బురద పైకి తేలుతుందని జాడీకి నల్లగొడుగు పట్టించాడు. వాచీ తీసి జాడీకి ఆనించి, తాను మాత్రం ఎండలో స్టూలు మీద కూర్చునేవాడు. అల్లుడికైనా అంత మర్యాద జరగదని పంపు గది వాళ్లు నవ్వుకునేవారు.

మూడేళ్ల కిందట ఆమె నీటి పరీక్షల గది ఊడుస్తుంటే ఆయన మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, "అమ్మాయ్, ఆ చీపురు గోడకి ఆనించి ఇటొకసారి కన్ను పెట్టు" అన్నాడు.

మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తరువాత వెలుతురు. ఆ వెలుతురులో సన్నని కాడల మీద చిన్న చిన్న గరాటు పువ్వులు గుత్తులుగా ఊగుతున్నాయి. ఉన్నట్టుండి ఒక కాడ స్ప్రింగులా ముడుచుకుపోయింది, మళ్లీ మెల్లగా, ఒళ్లు విరుచుకున్నట్టు సాగింది. వాటి మధ్యలోంచి ఇంకేదో, మూతి దగ్గర రెండు చక్రాలు గిర్రున తిప్పుకుంటూ, దారిలో ఉన్నదంతా లోపలికి లాక్కుంటూ వెళ్లింది. ఇంకా చిన్నవి, లెక్కకు అందనివి, ఎవరి పని మీద వాళ్లు అన్నట్టు పరుగులు. ఒక్క చుక్కలో. ఆమె ఎనిమిదేళ్లుగా ముక్కు చిట్లించుకుని చుట్టూ ఊడ్చిన నీటిలోంచి తీసిన ఒక్క చుక్కలో.

"ఏంటండీ ఇవి?"

"మన జీతగాళ్లు. ఊరంతా కడిగి పారబోసింది తింటాయి, నీళ్లు మనకి వదిలేస్తాయి. కాస్త గాలి తప్ప ఇంకేం అడగవు."

ఆ సాయంత్రం ఇంట్లో కంచాలు కడిగిన నీళ్లు తూములోకి పోతుంటే ఆమె కుళాయి కట్టెయ్యడం మరిచిపోయి చూస్తూ నిలబడింది. ఎవరికో అన్నం పంపుతున్నట్టు అనిపించింది. మర్నాడు ఆయన ఎంతవరకు చదివావని అడిగాడు. పదో తరగతి పాసైన కాగితం ఇంట్లో ఇనప్పెట్టె అడుగున ఉందని చెప్పింది. దాన్ని తీసి దులపమన్నాడు.

మొదటి నెలలోనే ఒక తప్పు చేసింది. బస్సు వేళ అవుతోందని, ఇరవై ఐదో నిమిషంలోనే గీత చూసి, ఇంకాస్త దిగుతుందని మనసులో లెక్క వేసుకుని రాసేసింది. అంకె సరిగ్గానే వచ్చింది. అయినా ఆయన ఆ రోజు ఎనిమిది గంటల మీదా అడ్డగీత కొట్టాడు. ఐదు నిమిషాలకి ఏం మునిగిపోతుందని ఆమె వాదించింది.

"దిగే పని బురద చూసుకుంటుంది. మన పని పక్కన ఉండటమే. అదీ చెయ్యకపోతే మనం ఎందుకు?" అన్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో ఏడ్చి, ముఖం కడుక్కుని, తరువాతి బస్సుకి వెళ్లింది. మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు.

ఇవాళ ఆయన రాగానే ఏదో తేడాగా ఉందనుకుంది. తొట్టి అంచు దాకా ఇరవై రెండు మెట్లు ఉంటాయి. రోజూ తనకంటే ముందే ఎక్కే మనిషి కింద కమ్మీ పట్టుకుని నిలబడి, "పైకి వెళ్లి వాసన చూసి చెప్పు" అన్నాడు. ఆమె పైకి వెళ్లి కళ్లు మూసుకుని గాలి పీల్చింది. మొదటి వాన తరువాతి నేల వాసన. అదే చెప్పింది. ఆయన తల ఊపాడు. బ్లోయర్ల చప్పుడు విన్నప్పుడూ అంతే, స్టూలు మీంచే, "రెండోది ఏమంటోంది?" అన్నాడు. బేరింగు కొద్దిగా ముక్కుతోందని, గ్రీజు పెట్టాలని ఆమె చెప్పింది. ఆయనే చెప్పేవి అవన్నీ. ఈ రోజు ఆమె చెప్తుంటే ఆయన వింటున్నాడు.

మధ్యాహ్నం రెండున్నర కొట్టేసరికి జాడీ నింపి పలక మీద పెట్టింది. ఆయన వాచీ విప్పి జాడీకి ఆనించాడు. అప్పుడే ఆయన అల్లుడు స్కూటరు మీద వచ్చాడు. మూడింటికి డాక్టరు చీటీ రాయించుకున్నామనీ, ఇప్పుడు బయలుదేరకపోతే అందదనీ అన్నాడు. అరగంట ఆగమని ఆయన అన్నాడు. ఆగితే డాక్టరు వెళ్లిపోతాడని అల్లుడన్నాడు. మేస్త్రి పెదవుల రంగు చూసి ఆమె కూడా వెళ్లమనే చెప్పింది.

ఆయన నీలం పుస్తకం అడిగి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె కలం వంకే చూసింది. ఎనిమిది అని వేస్తాడేమోనని ఆశపడింది. ఆశపడినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే ఇంకా చూసింది.

ఏడున్నర అని రాసి సంతకం పెట్టాడు.

"మేస్త్రిగారూ, ఫారం రేపే ఆఖరు."

"తెలుసమ్మాయ్. రేపు పొద్దున్నే వస్తాను. మిగిలిన అరగంట అప్పుడు చూసుకుందాం." స్కూటరు దాకా నడిచి, వెనక్కి తిరిగాడు. "గొడుగు కాస్త జరుపు. ఎండ తిరిగింది."

ఆమె గొడుగు జరిపి స్టూలు పక్కన నిలబడింది. ఆ అరగంట ఏ పుస్తకంలోకీ ఎక్కదు. అయినా నిలబడింది. మొదట జాడీ అంతా ఒకే రంగు. తరువాత ఆ రంగులో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. గుంపులయ్యాయి. గుంపులన్నీ కలిసి, తొక్కిసలాట లేకుండా, ఒక్క దుప్పటిలా కిందికి జారడం మొదలుపెట్టాయి. పైన గోరంత తేట. తరువాత వేలంత. బ్లోయర్లు హోరెత్తుతున్నాయి, లారీ ఏదో వెనక్కి నడుస్తూ కూస్తోంది. ఈ పలక మీద మాత్రం ఏ చప్పుడూ లేకుండా ఊరు వదిలేసిన నీళ్లు మళ్లీ నీళ్లు అవుతున్నాయి. పద్దెనిమిది వందల గంటల్లో ఎన్నిసార్లు చూసిందో, ఇవాళా ఒళ్లు జలదరించింది. మూడింటికి వంగి గీత చూసింది. రెండు వందల అరవై. రిజిస్టరులో రాసింది.

అప్పుడు తట్టింది, ఆయన వాచీ జాడీ దగ్గరే మరిచి వెళ్లాడని. రేపు ఇద్దామని రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి వంటింట్లో రెండు స్టీలు డబ్బాల మీదా కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. ఉప్పు అని ఒకదాని మీద, ఉప్పు కాదు అని ఇంకోదాని మీద, మొగుడి చేతిరాత. మట్టి సీసా పొద్దున్న ఉన్నచోటే ఉంది. కింద మట్టి, పైన తేటనీరు. అత్తగారు రోజంతా కిటికీ రెక్క కూడా తియ్యనివ్వలేదట. "కదిలిస్తే మళ్లీ మొదటికొస్తుందిగా" అంది, ఆ విషయం తనే కనిపెట్టినట్టు.

దీపాలు పెట్టే వేళకి నలుగురూ కంచాల ముందు కూర్చున్నారు. మొదటి ముద్ద దగ్గరే ఫోను మోగింది. మేనేజరు. మేడ మీద గదిలో, అద్దాల ఫ్రేములో పెద్ద గ్రేడు సర్టిఫికెట్టు కింద కూర్చునే మనిషి. చెడ్డవాడు కాదు. తొట్టి దగ్గరకి మాత్రం ఏడాదికొకసారి, తనిఖీ వాళ్లతో, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వస్తాడు.  మేస్త్రి ఆసుపత్రి వరండాలోనే పోయాడని చెప్పాడు. చీటీ చేతిలో ఉంది, పేరు పిలిచారు, పలకలేదు. పక్కన కూర్చున్నవాళ్లు నిద్రపోయాడనుకున్నారట.

 తరువాత మేనేజరు, "నీ అరగంట గురించి బెంగపెట్టుకోకు. పొద్దున్నే పుస్తకం పైకి పంపించు, నేను సంతకం పెట్టేస్తాను. నా సంతకమూ చెల్లుతుంది" అన్నాడు.

ఫోను పెట్టి ఆమె సంగతి చెప్పింది. కూతురు కళ్లు తుడుచుకుంది. ఒక్కసారైనా ఆ మనిషిని భోజనానికి పిలవలేదే అని మొగుడు అన్నాడు. అత్తగారు, పోయినాయన ఎలాగూ రాడు, ఉన్నాయన పెద్దమనసుతో పెడతానన్నాడు, మాట్లాడకుండా పెట్టించుకో అంది. మొగుడూ అదే అన్నాడు. అరగంట కోసం ఏడాది పోగొట్టుకుంటామా అన్నాడు.

ఆమె ముద్ద కలుపుతూనే ఉంది. తినలేదు. లేచి, చెయ్యి కడుక్కుని, సంచిలోంచి రుమాలు తీసి విప్పింది. వాచీ నడుస్తూనే ఉంది. కీ తగ్గిందేమో అని రెండు తిప్పులు తిప్పి, కిటికీ గట్టు మీద సీసాకి ఆనించి పెట్టింది. తిరిగి వచ్చి కంచం ముందు కూర్చుంది.

"పుస్తకం పైకి పంపను" అంది. "రేపు మేనేజరుగారినే కిందికి రమ్మంటాను. జాడీ పెడతాను. అరగంట నా పక్కన నిలబడి చూస్తే అప్పుడు సంతకం పెట్టమంటాను."

"ఆయన్నా? ఆ వాసనలోనా? కోపం వస్తే అసలుకే పెట్టడు" అంది అత్తగారు.

"పెట్టకపోతే చీపురు పడతాను. వచ్చే ఏడు మళ్లీ కడతాను."

 మొగుడు కూర గిన్నె ఆమె వైపు జరిపాడు. కాసేపటికి, "గొడుగు మాత్రం జాడీకే పట్టు, ఆయనకి కాదు" అన్నాడు. కూతురు ఏడుస్తూనే నవ్వింది.

ఆమె తినడం మొదలుపెట్టింది. కిటికీ గట్టు మీద తేటపడిన సీసాని ఆనుకుని వాచీ ఉంది, దాని తోలు పట్టీ ఇంకా ఆయన మణికట్టు వంపులోనే ఉంది.