ఈశాన్యంలో ఎర్తు

శిల్ప ఫోనులో తన చార్జింగ్ కంపెనీ మ్యాప్ తెరిస్తే, హైదరాబాద్ వైపు నుంచి వచ్చే పచ్చ చుక్కలు మహబూబ్‌నగర్ దగ్గర ఆగిపోతాయి. గోవా వైపు నుంచి వచ్చేవి బాగల్‌కోట దగ్గర ఆగిపోతాయి. నడుమ మూడు వందల కిలోమీటర్ల ఖాళీ. ఎండాకాలం ఏసీ వేసుకుని, సామాను నింపుకుని బయల్దేరిన కరెంటు కారు ఆ ఖాళీని దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే. ఆ ఖాళీ మధ్యలో ఒకే ఒక్క బూడిదరంగు చుక్క ఉంది. దాని పేరు కవితాళ. ఇవాళ మధ్యాహ్నానికి అది పచ్చబడాలి.

కవితాళను పట్టుబట్టి మ్యాప్‌లోకి ఎక్కించింది శిల్పే. ఆమె రాయచూరు దగ్గరి శక్తినగర్ థర్మల్ స్టేషన్‌లో పనిచేసిన ఆపరేటరు కూతురు, ఆ పొగగొట్టాలను చూస్తూ పెరిగింది. మా జిల్లా బొగ్గు కాల్చి ఊళ్లన్నిటికీ కరెంటు పంపుతుంటే మా రోడ్డు మీద చార్జింగ్ ఉండకూడదా అని మీటింగులో అడిగింది. పెద్దలు నవ్వి సరే అన్నారు. ఆ సరేకు ఒక తోక ఉంది. శనివారం ఆమె పై అధికారి సతీశ్ హైదరాబాద్ నుంచి స్వయంగా కారు నడుపుకుంటూ వస్తాడు, దారిలో ఎక్కడా చార్జింగ్ పెట్టడు. ఆయన వచ్చేసరికి చార్జింగ్ మిషను పనిచేస్తే కవితాళ ఉంటుంది, లేకపోతే మిషను ఊడదీసి సింధనూరుకు పట్టుకుపోతారు.

శనివారం రానే వచ్చింది. మిషను మాత్రం ఎర్ర దీపం వెలిగించుకుని, అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకుని నిలబడింది.

ఎర్తు లేదని దాని అలక. ఎర్తంటే పెద్ద చదువేం అక్కర్లేదు. దారితప్పిన కరెంటు మనుషుల ఒంట్లోంచి పోకుండా, నిప్పు పుట్టించకుండా నేలలోకి దిగిపోవడానికి వేసే తోవ. నేల తడిగా ఉంటే తోవ బాగుంటుంది. ఇక్కడేమో ఎర్తు గుంట తవ్విన మూలంతా బండ. మీటరు పదహారు చూపిస్తోంది, రెండు దాటితే మిషను కదలదు.

ఆ మూల ఎందుకు తవ్వారయ్యా అంటే, అది ఆగ్నేయం. స్థలం ఇచ్చిన నారప్ప పెట్టిన షరతు అదొక్కటే. కరెంటంటే నిప్పు, నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలి. ఐదేళ్ల కిందట ఇదే స్థలంలో ఈశాన్యం మూల పిండిగిర్ని పెట్టుకున్నాడు. అది ఒక మధ్యాహ్నం భగ్గున అంటుకుని గంటలో బూడిదైంది. అప్పటినుంచి ఆయనకు దిక్కులంటే భయం. బండ సంగతి శిల్పకు స్థలం తీసుకునేటప్పుడే తెలుసు. కానీ ఆమె కొలిచింది సెప్టెంబరులో, పెద్ద వాన పడ్డ మర్నాడు. మీటరు రెండు లోపలే చూపించింది. స్థలం దొరికిన సంతోషంలో సంతకం పెట్టేసింది. ఇది ఏప్రిల్.

పొద్దున్నుంచి చేయాల్సిందంతా చేసింది. గుంటలో ఉప్పు, బొగ్గు పోయించింది. ట్యాంకరు తెప్పించి నీళ్లు పట్టించింది. నీళ్లు బండ మీద చెరువులా నిలబడ్డాయి తప్ప చుక్క కిందికి దిగలేదు. పదకొండున్నరకు గోరుచుట్టు మీద రోకటిపోటులా సతీశ్ ఫోన్ చేశాడు. రాయచూరు దాటాడట, కారులో ఇరవై శాతం మిగిలిందట. గొంతు హుషారుగా ఉంది. టీ చెప్పి ఉంచమన్నాడు.

మొహం కడుక్కుందామని శిల్ప పక్కనున్న బుల్లెమ్మ హోటలు వెనక్కి వెళ్లింది. బుల్లెమ్మ గోదావరి మనిషి. కాలవ కింద వరి పండించుకుందామని వచ్చిన కుటుంబంలోకి కోడలిగా వచ్చి, పిల్లల పెళ్లిళ్లయ్యాక పొలం కొడుక్కి అప్పగించి, నారప్ప స్థలంలో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని రోడ్డున పోయేవాళ్లందరికీ ఇడ్లీ పెడుతోంది. గిన్నెలు తోమిన నీళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట పారి అక్కడ అరటి పొద పెరిగింది. శిల్ప అటు ఒక అడుగు వేసిందో లేదో, చెప్పుతో సహా కాలు నల్లమట్టిలో చీలమండ దాకా దిగబడింది.

ఆమె చెప్పు తీసుకోలేదు. అలాగే నిలబడి నేలను చూసింది. ఏప్రిల్ ఎండలో, జిల్లా అంతా నెర్రెలిచ్చిన వేళ, ఇక్కడ కాలు దిగబడుతోంది. ఒక్క పరుగున మీటరు తెచ్చి చిన్న చువ్వలు గుచ్చి చూసింది. ముల్లు చాలా కిందికి వచ్చింది. కడ్డీలు లోతుగా దిగితే ఇక్కడ ఎర్తు వచ్చితీరుతుంది. వెల్డింగువాళ్లు వదిలేసిన ఇనప పట్టీ చుట్ట ఉంది, మూడు కడ్డీలు మిగిలాయి. అన్నీ ఉన్నాయి. ఒకటే చిక్కు. అది ఈశాన్యం.

నారప్ప వినగానే తల అడ్డంగా ఊపాడు.

"ఆడ వద్దమ్మా. ఆ మూలల కరెంటు పెట్టి ఒకపారి చేతులు కాల్చుకున్న. గిర్ని పోయె, ఆ పొగకు నా భార్య దవాఖానల పదిదినాలు ఉండె. ఇంగోపారి నాతోని కాదు."

బుల్లెమ్మ గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. "నారప్పగారూ, నిప్పుని మీరు ఆగ్నేయంలోనే కూర్చోబెట్టారు కదండీ. ఇక్కడికి దాహం తీర్చుకోడానికి వస్తుందంతే."

మాట బాగానే ఉంది గాని నారప్ప కరగలేదు. మంచి మాటలు చెప్పేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. శిల్ప అనునయించకుండా ఒక ప్రశ్న అడిగింది.

"కాకా, గిర్నికి ఎర్తు ఉండెనా?"

"తీగ ఉండె."

"నేలల పాతింటిరా?"

నారప్ప రోడ్డు వైపు చూశాడు. రెండు లారీలు పోయాయి, ఒక బస్సు పోయింది. తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాక అన్నాడు.

"లేదు. లైన్‌మన్ పాతుమని చెప్పిండె. మిషను కాడ నేల గట్టిగ ఉండె, నీళ్లపక్కకు తీగ గుంజాలంటే ఇంగ ఇరవై అడుగులు గావాలె. రేపు మాపు అనుకుంట గోడ మేకుకు చుట్టి పెట్టిన."

ఐదేళ్లుగా ఆయన ఆ మాట ఎవరితోనూ అనలేదు. తప్పంతా మూల మీద తోసి నిశ్చింతగా ఉన్నాడు, ఇప్పుడు ఆ మూల చేతులు దులుపుకుని పక్కకు తప్పుకుంది. శిల్పకు ఆయన మీద జాలి వేసింది, తన మీద సిగ్గేసింది.

"నేను గూడ గట్లే చేసిన కాకా. ఆడ బండ ఉందని నాకు ఎరికె. వాన పడ్డనాడు కొలిచి సంతకం పెట్టిన."

నారప్ప లేచాడు. ఎవరినీ పిలవలేదు, షెడ్డు వెనకనుంచి గడ్డపార తానే తెచ్చుకున్నాడు.

ఇక చూడాలి ఆ జోరు. అరవై దాటిన మనిషి అరటి పొద పక్కన గడ్డపార వేస్తుంటే మట్టి వెన్నలా లేచింది. బుల్లెమ్మ పొయ్యి మీద సాంబారు సంగతి మరిచిపోయి, పిలకలు పోతే పోనీయండంటూ అడ్డం వచ్చినవి తనే పీకేసింది. మొదటి కడ్డీ సమ్మెటపోటుకు సరసరా దిగింది. మీటరు ఆరు. రెండోది దిగింది. మూడు. శిల్ప చేతులు బొబ్బలెక్కాయి, ఆ సంగతి ఆమెకు సాయంత్రం దాకా తెలియలేదు. మూడో కడ్డీ దిగి, మూడింటినీ పట్టీతో కలిపాక మీటరు ముల్లు వణికి వణికి ఒకటిన్నర దగ్గర నిలబడింది. అరవై అడుగుల పట్టీ లాక్కుంటూ ఆమె మిషను దాకా పరిగెత్తింది, బోల్టులు బిగించింది, మీట వేసింది.

అప్పుడే సతీశ్ కారు మలుపు తిరిగింది. ఏసీ ఆపేసి, అద్దాలు దించేసి, చొక్కా తడిసి ముద్దై ఉన్నాడు. తెర మీద మూడు శాతం. హుషారంతా దారిలో ఎక్కడో దిగిపోయింది. దిగుతూనే చార్జింగ్ గన్ తీసి కారుకు తగిలించాడు.

మిషను ఒక నిమిషం ఆలోచించింది. ఆ నిమిషంలో శిల్ప ఎన్ని మొక్కులు మొక్కిందో ఆమెకే తెలియదు. దీపం పచ్చబడింది. మూడు నాలుగైంది, నాలుగు ఐదైంది. శిల్ప పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అంత సంతోషం తనకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

టీ తాగుతూ సతీశ్‌కు సెప్టెంబరు సంగతి తానే చెప్పేసింది. ఆయన గ్లాసు కింద పెట్టి, వానాకాలంలో కొలిచిన స్టేషన్లు ఇంకెన్ని అని అడిగాడు. పదకొండు అంది. అన్నీ ఈ నెలలోనే మళ్లీ కొలవాలి, నువ్వే వెళ్లాలి అన్నాడు. అది శిక్షో బహుమానమో ఆమె అడగలేదు.

ఆయన కారు చార్జింగ్ నలభై శాతం దాటుతుండగా లింగసుగూరు వైపు నుంచి ఇంకో కరెంటు కారు మెల్లగా వచ్చి రోడ్డు పక్కన ఆగింది. నెత్తిన సామాను, లోపల భార్యాభర్తలు, నిద్రపోతున్న పాప. వాళ్లను ఎవరూ రమ్మనలేదు. లింగసుగూరులో ఏదైనా లాడ్జిలో మామూలు ప్లగ్గు దొరికితే తెల్లారేదాకా పడుందామనుకున్నారట. ఇంతలో ఫోనులో కవితాళ అని పచ్చ చుక్క పడిందట. నిజమేనా అని దూరం నుంచే అడిగాడు ఆ భర్త.

నారప్ప రోడ్డు మీదికి వెళ్లి, పెళ్లివారిని పిలిచినట్టు రెండు చేతులా రమ్మని రెండో గన్ దగ్గరికి తీసుకొచ్చాడు.

శిల్పకు అప్పటికి గాని ఆకలి తెలియలేదు. నిలబడే ఆరు ఇడ్లీలు తింది. పళ్లెం బల్ల మీద పెట్టెయ్యమంది బుల్లెమ్మ. శిల్ప పెట్టలేదు, అరటి పొద దగ్గరికి తీసుకెళ్లి తనే కడిగింది. శుభ్రమయ్యాక కూడా కడ్డీలు దిగిన నేల మీద ఇంకో రెండు చెంబులు పోసింది.