అది నాయిస్ కాదు మేడమ్

అసిరమ్మ గొంతు కోసింది మీరే. పోటీలు పెట్టినవాళ్ళు, మార్కులు వేసినవాళ్ళు, ముసలాయనకి శాలువా కప్పి పక్కన నిలబడి ఫొటో దిగాలనుకున్నవాళ్ళు, అందరూ. చెయ్యి మాత్రం నాది. ఎనిమిదో తరగతి పిల్ల చేత ఆ పని చేయించింది నేనే. నన్ను వదిలెయ్యమని అడగను. మిమ్మల్నీ వదలను.

నా పేరు హిమబిందు. గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. జూలైలో మా కరస్పాండెంట్ గురునాథరావుగారు సర్క్యులర్ ఇచ్చారు. జిల్లా పోటీ కోసం ప్రతి పిల్లా ఒక చారిత్రక పురుషుడి మీద పరిశోధన చేసి, ఫొటోలూ మ్యాపులూ మాటలూ కలిపి అయిదు నిమిషాల వీడియో చెయ్యాలి. స్కూల్లో పనిచేసే కంప్యూటర్లు నాలుగే. మిగతా పనంతా మా ఇంటికొచ్చింది. ఒక చేత్తో పప్పు తిప్పుతూ ఇంకో చేత్తో పిల్లల వీడియోలు చూసేదాన్ని. మా ఆయన తిరుమలరావు స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగి. హాల్లో కూర్చుని ఫోన్లో మీటింగ్ మాట్లాడుతూ, నేను కుక్కర్ దింపితే చాలు, "సారీ సార్, ఇంట్లో కొంచెం గోల" అనేవాడు. గోల అంటే నేను. పద్నాలుగేళ్ళుగా అదే నా పేరు. ఆయన ఆ మీటింగ్‌లో చదివే రిపోర్టుకి ముందురోజు ఇంగ్లీషు దిద్దిపెట్టింది కూడా ఆ గోలే.

పిల్లలంతా నెట్‌లో దొరికే రాజుల్నీ నాయకుల్నీ దించుకొచ్చారు. మల్కాపురం నుంచి వచ్చే యశస్విని మాత్రం వాళ్ళ తాతని తెచ్చింది. పేరు చలమయ్య. అరవై ఏళ్ళ కిందట రేవులో ఖనిజం తట్టలు మోసే కూలీలు సమ్మె చేస్తే దాన్ని మొదలుపెట్టింది ఆయనేనని ఆ వీధిలో అందరూ చెప్తారు. పిల్ల ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్లో వీడియో తీసి నాకు పంపింది. పదకొండు నిమిషాలు. అందులో చలమయ్య గొంతు సవరించుకుని, "ఆయేళ నాను లేసి, తట్టలు దింపండెహె అన్నాను" అంటాడు. వెంటనే కనపడని వంటింట్లోంచి, నూనె చిటపటల మధ్య ఒక ఆడగొంతు.

"నువ్వెక్కడున్నావయ్యా? గేటు కాడ బీడీ కాలస్తన్నావ్. తట్ట దింపింది నాను."

"ఏయ్, రికార్డవతంది. నోర్ముయ్."

"అవనీ. రికార్డయిపోతే అబద్దం నిజమైపోద్దేటి? ముందు నాను దింపినాను. నా ఎనక నలబైమంది ఆడోల్లు దింపినారు. మేస్త్రి నా జుట్టట్టుకుంటే అప్పుడొచ్చినావు నువ్వు."

"ఒచ్చినాను కదేటి!"

"ఒచ్చినావులే. సేపలు మాడిపోతన్నాయ్. నువ్వు సెప్పుకో."

ఆమే అసిరమ్మ, యశస్విని మామ్మ. పదకొండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు అడ్డొచ్చింది. ఏడాది తప్పు చెప్తే సరిచేసింది. పనిలోంచి తీసేసిన ఆడవాళ్ళ పేర్లు పొయ్యి దగ్గర నిలబడే ఒక్కొక్కటీ చెప్పింది. ఆయనకి ఒక్క పేరూ గుర్తులేదు.

అంతా విని నేనేమన్నాను? "వెనక నాయిస్ ఎక్కువుంది, తీసెయ్యి. నాయిస్ ఉంటే అయిదు మార్కులు పోతాయి." ఆ రూలు పెట్టిందీ నేనే.

పిల్ల నా మొహంలోకి చూసింది. "అది నాయిస్ కాదు మేడమ్, మా మామ్మ."

"మామ్మే. కానీ వినపడకూడదు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పద్నాలుగేళ్ళు నా మీద వాడిన మాటని నేనొక పదమూడేళ్ళ పిల్ల మీద వాడేశాను, అదీ పాఠం పేరుతో. పిల్ల రెండు రోజులు కూర్చుని కోసింది. ఫోన్లో జాగా లేదంటే అసలు వీడియో చెరిపెయ్యమని కూడా నేనే చెప్పాను. జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. గురునాథరావుగారు స్టాఫ్‌రూమ్‌కి స్వీట్లు పంపారు. ఆడియో ఎంత క్లీన్‌గా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు.

అక్టోబరులో అసిరమ్మ చనిపోయింది. పెద్దకర్మ అయ్యాక యశస్విని స్కూలుకొచ్చి నా టేబుల్ దగ్గర నిలబడింది. "మేడమ్, మా మామ్మ గొంతు మాకెక్కడా లేదు. మీ ఫోన్లో ఉందేమో చూస్తారా?" తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఉంది. పిల్లకి అప్పుడే పంపాను. కానీ ఆ రోజు నుంచీ అసిరమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. పొద్దున్న మిక్సీ ఆపితే, ఆగిన ఆ చోట "నువ్వెక్కడున్నావయ్యా?" అంటుంది. కొళాయి కట్టేస్తే అంటుంది. దువ్వాడ స్టేషన్ దగ్గర ఆటో ఇంజను ఆగితే అక్కడా అంటుంది. బహుమతి వచ్చిన వీడియో మళ్ళీ పెట్టి చూశాను. మాట కోసేశాం గానీ మనిషి మెడని కొయ్యలేకపోయాం. అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు చలమయ్య మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, తల పక్కకి తిప్పి, ఎవరూ లేని వైపు చూస్తాడు. పెదవి కదుపుతాడు. మళ్ళీ ఇటు తిరుగుతాడు. జడ్జీలు దాన్ని "పెద్దాయన జ్ఞాపకాల్లోకి వెళ్ళిన తీరు అద్భుతం" అని రాశారు.

గురునాథరావుగారి దగ్గరికి వెళ్ళి, సోమవారం చలమయ్యకి స్కూలు చేసే సన్మానసభలో పూర్తి వీడియో వేద్దామన్నాను.

"గెలిచిన వీడియోలో వంటింటి గోల పెట్టమంటారా మేడమ్? పెద్దాయన పరువు కూడా చూడాలి కదా."

ఇంట్లో చెప్తే తిరుమలరావు టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "పోయినావిడ కోసం ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

నిన్న మల్కాపురం వెళ్ళాను. చలమయ్య ముందు ఫోన్ పెట్టి పదకొండు నిమిషాలూ వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకోపాలి ఎయ్యమ్మా" అన్నాడు. వేశాను. మూడోసారి కూడా అడిగాడు. చేపలు మాడిపోతున్నాయన్న దగ్గర నవ్వాడు, ఆ నవ్వు మధ్యలో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అది సెప్పిందే నిజం. నాను గేటు కాడే ఉన్నాను."

"అయితే సోమవారం ఇదే వేస్తాను తాతా."

ఆయన తువ్వాలు మడతపెడుతూ అన్నాడు. "సోమారం సాలువా కప్పుతారంట. అదైపోనీ తల్లీ. తరవాత నీ ఇష్టం."

గుమ్మంలో నిలబడ్డ యశస్విని అడిగింది. "తరవాతంటే ఎప్పుడు తాతా? మామ్మ మల్లీ ఒచ్చి సెప్పుద్దా?"

అదే ప్రశ్న మిమ్మల్నీ అడుగుతున్నాను.

అందుకే ముందే చెప్తున్నాను, దొంగతనంగా చెయ్యను. సోమవారం ఆ హాల్లో తెర కట్టేదీ, స్పీకర్లకి వైర్లు పెట్టేదీ, పెన్‌డ్రైవ్ గుచ్చేదీ నేనే. ఆ పనికి మీలో ఎవరూ ఏనాడూ చెయ్యి కలపలేదు. పదకొండు నిమిషాలూ వేస్తాను. గురునాథరావుగారూ, ఆ స్విచ్ జోలికి రాకండి. జడ్జీలూ, బహుమతి పత్రం వెనక్కి తీసుకుని, అందులో వీడియో పేరుగా రాసిన చలమయ్య పేరుకి ముందు అసిరమ్మ పేరు రాసి ఇవ్వండి. ఏవండీ, మీరూ రండి, ముందు వరసలో కూర్చోండి, మీటింగ్ ఉంటే కట్టేసి రండి. చలమయ్య తాతా, శాలువా వద్దనను, కప్పించుకో. ఆ మేస్త్రి ముందుకి నువ్వూ వెళ్ళావు. కానీ కప్పించుకునే ముందు మైకు పట్టుకుని ఒక్క ముక్క చెప్పు, తట్ట ముందు దింపింది ఎవరో. ఆమె వినదు. నీ మనవరాలు వింటుంది. చెప్పు.