నాడా లేని తాత

పిల్లల మానసిక చికిత్స వార్డులోకి తాడన్నది పోకూడదు. బూట్ల లేసులూ, ఇయర్‌ఫోన్ల తీగలూ తలుపు దగ్గరే సిస్టర్ చేతిలోని డబ్బాలో పడాల్సిందే. చూడవచ్చేవాళ్లకూ అదే న్యాయం. ఈ సంగతి తెలియక తాత పైజమా వేసుకొచ్చాడు.

"నాడా కూడానా సిస్టరూ? జీవితమంతా ఫిజిక్స్ చెప్పినవాణ్ణి!"

"అయితే పట్టుకోకపోతే ఏమవుతుందో మీకే బాగా తెలుసు. తీయండి బాబాయిగారూ."

పదిహేనేళ్ల మనవరాలు మంచం మీంచి చూస్తూనే ఉంది. ఆమె బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. కాసేపట్లో డాక్టరమ్మ వస్తుంది. బాగున్నానని నవ్వితే ఇంటికి పంపేస్తుంది. చచ్చిపోవాలన్న ఆలోచన నిన్న మళ్లీ వచ్చిందంటే పంపదు. అందుకే పొద్దుటి నుంచీ ఆ పిల్ల ఓ నవ్వును సాధన చేసి, పెదవుల చివర సిద్ధంగా ఉంచుకుంది.

తాత రెండు చేతులా నడుం పట్టుకుని, దొంగను పట్టుకొస్తున్న పోలీసులా తనను తానే నడిపించుకొచ్చాడు.

"ఏమే పిడుగా, ఎలా ఉన్నావ్?"

"నీకంటే నయం. నా పైజమాకి ఎలాస్టిక్ ఉంది."

"బుర్ర బానే పనిచేస్తోందే!"

"జబ్బు బుర్రకే తాతా."

"అయితేనేం? కాలేయానికి రాదా, మూత్రపిండానికి రాదా? మీ అమ్మే ఒప్పుకోదు. నీకు టైఫాయిడని అందరికీ చెప్పింది. అది మరీ సాగిపోతోందని ఈ వారం కామెర్లలోకి మార్చింది."

పిల్ల పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వచ్చింది.

"ఎలా ఉంది తల్లీ?"

సాధన చేసిన నవ్వు కోసం పిల్ల పెదవులు కదిపింది. కానీ అసలు నవ్వు ఇప్పుడే వచ్చి వెళ్లింది. దాని పక్కన ఇది ఎంత నాసిరకమో ఆమెకే తెలిసిపోయింది.

"ఆ ఆలోచన నిన్న మళ్లీ వచ్చింది," అంది నెమ్మదిగా. "చెప్పకూడదనుకున్నా."

తాత గబుక్కున వంగి ఆమె చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

భూమ్యాకర్షణ పెద్దరికం చూడలేదు. తాత లోపలి చారల లాగును వార్డంతా చూసింది.

"చెప్పి మంచి పని చేశావ్," అంది డాక్టరమ్మ, చూపును ఎంతో ప్రయత్నం మీద పిల్ల ముఖం మీదే నిలుపుకుంటూ. "ఇంకొన్నాళ్లు మాతో ఉంటావా?"

"ఉంటాను. ముందు ఈయన సంగతి చూడండి, పరువు పోతోంది."

సిస్టర్ పైజమా పైకి లాగి, కట్లకు వాడే ప్లాస్టర్ చుట్ట విప్పింది.

"చేతులెత్తండి బాబాయిగారూ."

"ఎత్తను," అన్నాడు తాత, మనవరాలి చేయి వదలకుండా. "ఇలాగే చుట్టుకోండి."