కింది పలక

పన్నెండేళ్ళుగా ఆ షెడ్డులో ఉక్కు పలకలకు గొలుసులు కట్టేది పెద్దల్లుడే. తోడల్లుడు కూడా అక్కడే పనికి చేరాక, షెడ్డులోవాళ్ళు అతన్ని పెద్దల్లుడనీ, ఆ వచ్చినవాణ్ణి చిన్నల్లుడనీ పిలవడం మొదలుపెట్టారు.

కొక్కెం ఏ మూల తగిలించాలో పెద్దల్లుడికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అలాంటిది, విద్యుదయస్కాంతం బిగించిన కొత్త క్రేను వచ్చింది. ఆ గుండ్రటి దిమ్మను పలక మీదికి దించి మీట నొక్కితే చాలు, టన్ను బరువు చటుక్కున అతుక్కుని లేస్తుంది. ఇక గొలుసులతో ఎవరికి పని? పోనీ ఆ క్రేను కుర్చీ ఎవరికిచ్చారు? నిన్నగాక మొన్న వచ్చిన చిన్నల్లుడికి!

"వాడు ట్రైనింగ్ అయ్యొచ్చాడు. నువ్వు కింద సైగలు చూసుకో" అన్నాడు సూపర్‌వైజరు.

ఇంట్లో ఇంకో పోటు. "మా మరిది ఏసీ గదిలో కూర్చుని పని చేస్తాడట" అంది భార్య, కూరగాయలు తరుగుతూ.

"కూర్చోనీ. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి."

మామగారు ఫోను చేసినా చిన్నల్లుడి ఊసే. "అంతంత బరువులు వేలితో లేపుతున్నాడటగా బాబూ!" అన్నాడాయన. ఆ పూట పెద్దల్లుడికి అన్నం సయించలేదు.

ఒకనాటి పొద్దున పలుచటి పలకలు వచ్చాయి. అలాంటివి లేపేటప్పుడు కరెంటు తగ్గించాలి. లేకపోతే పైదానితోపాటు కిందిది కూడా అంటుకుని లేస్తుంది. చిన్నల్లుడు తగ్గించలేదు. పైనుంచి అతనికి ఒక్క పలకే కనిపిస్తుంది. కిందనున్న పెద్దల్లుడికి మాత్రం రెండూ కనిపించాయి. కిందిది అంచు దగ్గర వేలెడంత విడివడి వేలాడుతోంది.

చెయ్యెత్తితే చాలు, క్రేను ఆగేది. చెయ్యి లేవలేదు.

"పడనీ. ఎంత మొనగాడో అందరూ చూస్తారు" అనుకున్నాడు. చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు.

అంతలో పలకల మీద సుద్దతో గుర్తులు పెట్టే ఆవిడ, దొంతర వెనకనుంచి తలొంచుకుని వచ్చింది.

"ఆగమ్మా! ఆగు!"

ఆవిడ ఠక్కున ఆగింది. ఒక్క అడుగు ముందు పలక దభేలుమని పడింది. షెడ్డంతా హోరెత్తింది. ఆవిడ అక్కడే చతికిలబడి, పాదాలు తడుముకుంటూ "నాకేం కాలేదు, నాకేం కాలేదు" అంటూనే ఉంది.

చిన్నల్లుడు గబగబా దిగొచ్చి పెద్దల్లుడి చేతులు పట్టుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు అరవకపోతే చంపేసేవాణ్ణి అన్నయ్యా!"

"రేపట్నుంచి క్రేను నువ్వెక్కు. నేనే నేర్పిస్తాను" అన్నాడు సూపర్‌వైజరు పెద్దల్లుడితో. నెలల తరబడి కోరుకున్న మాట అది. తీరా వినేసరికి తల దించుకున్నాడు.

సాయంత్రం భార్య మురిసిపోతూ ఎదురొచ్చింది. "ఒక ప్రాణం నిలబెట్టావట!"

"ముందే చూశాను" అన్నాడు.

"చూస్తే?"

"ఊరుకున్నాను. ఆవిడ రాకపోతే అరిచేవాణ్ణే కాదు."

ఆమె, "ఈ మాట చెప్పాల్సింది నాక్కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అందరి ముందూ చెప్పేశాడు. సుద్ద ఆవిడ అతని వంక ఒక్కసారి చూసి, తన పనికి వెళ్ళిపోయింది. ఆ చూపు ముందు సూపర్‌వైజరు తిట్టిన తిట్లు లెక్కలోకి రాలేదు. అతన్ని పది రోజులు పనిలోకి రావద్దన్నారు. చిన్నల్లుడికి మళ్ళీ ట్రైనింగిచ్చి, కుర్చీ అతనికే ఉంచారు.

పదకొండో రోజు పెద్దల్లుడు వెళ్ళేసరికి చిన్నల్లుడు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"కింద సైగలకి నువ్వే కావాలని అడిగాను."

"నన్నా? ఎందుకు?"

"ఒకసారి చూసీ ఊరుకున్నావు. ఇక ఊరుకోలేవు అన్నయ్యా."

వాడి మంచితనానికి కూడా పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి పలకల పక్కన నిలబడి, వంగి అంచు చూసి, ఆగమని చెయ్యెత్తాడు.